రాక్ ఛాయలున్న కేపాప్ కమ్‌బ్యాక్‌కు సిద్ధం కావడం ఎలా?

కొరియా పాప్ సంగీతమైన కేపాప్‌లో కమ్‌బ్యాక్ అంటే సుదీర్ఘ విరామం తరువాతి పునరాగమనమే కానక్కరలేదు; ప్రతి కొత్త విడుదలనూ అలాగే పిలుస్తారు. తేదీ ప్రకటించగానే కొరియా సమయాన్ని మీ సమయంలోకి మార్చి రాసుకోండి. చాలా పాటలు అక్కడి సాయంత్రం 6 గంటలకు వెలువడతాయి.

రాక్ ప్రయోగమని తెలిస్తే, 2017లో మెటల్ (బరువైన రాక్ శైలి) ఛాయలతో అడుగుపెట్టిన డ్రీమ్‌క్యాచర్ బృందాన్నీ, 2015 నుంచి తామే వాయిద్యాలు వాయిస్తూ పాడుతున్న డే సిక్స్ బ్యాండ్‌నూ ముందుగా వినండి. ఆ తరువాత, ఆల్బమ్ పాటల తునకలను కలిపి విడుదల చేసే హైలైట్ మెడ్లీని హెడ్‌ఫోన్లతో రెండుసార్లు విని, మొదటిసారి గొంతులనూ, రెండవసారి గిటార్ డిస్టార్షన్‌నూ (గరగరలాడే గిటార్ ధ్వని), డ్రమ్స్ మోతనూ మాత్రమే గమనించండి. గిటార్ పాటను నడిపిస్తోందా, కేవలం అలంకారంగా ఉందా అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. దానికి జవాబు బ్యాండ్‌తో ప్రత్యక్షంగా పాడినప్పుడే స్పష్టంగా వినిపిస్తుంది కనుక, అంతవరకు తీర్పు చెప్పకండి.