మొదటి యాంప్లిఫయర్ పలకకపోతే: ఐసీ మార్చేముందు చూడాల్సినవి

పోయిన శ్రావణంలో, అమలాపురంలో మా పక్కవీధి కుర్రాడు ఒక అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు. "ఐసీ కాలిపోయిందండి బాబాయ్, ఇది మూడోది" అన్నాడు. ఇంటర్ చదువుతున్నాడు. ఫోన్లో పాటలు స్పీకర్లో వినాలని ఎల్‌ఎం 386 అనే ఎనిమిది కాళ్ల యాంప్లిఫయర్ ఐసీతో తనే యాంప్లిఫయర్ కట్టుకున్నాడు. ఆ మూడు ఐసీలూ తీసి నా బోర్డులో పెట్టి చూస్తే మూడూ చక్కగా పనిచేశాయి. "నాకిది రాదేమోనండి" అంటున్న వాడి మొహం చూసి మనసు చివుక్కుమంది. మొదటిసారి కట్టేవాళ్లు ఇలా నిరాశపడకూడదనే ఇది రాస్తున్నాను.

అసలు శబ్దమే లేదు

ముందు మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల్లో పెట్టండి. నల్ల వైరు బ్యాటరీ మైనస్‌కి, ఎర్ర వైరు ఐసీ 5వ కాలికి. 9 వోల్టుల బ్యాటరీ అయితే అక్కడ 4.5 అటూ ఇటూగా చూపించాలి, అంటే సప్లైలో సగం. ఐసీ మీద గాటు పైకి పెడితే ఎడమవైపు మొదటిది 1వ కాలు, అక్కడి నుంచి కిందికి లెక్కపెట్టి కుడివైపు పైకి రావాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు, ఎందుకంటే సోల్డర్ చేసేటప్పుడు బోర్డు తిరగేస్తాం, కుడి ఎడమలు మారిపోతాయి.

సగం వోల్టేజీ ఉందంటే ఐసీ దాదాపు బాగున్నట్టే. బ్యాటరీ మీదే నడుస్తున్నప్పుడు స్క్రూడ్రైవర్ ఇనుప భాగాన్ని వేలితో పట్టుకుని 3వ కాలికి తాకించండి. స్పీకర్ గుర్రుమంటే తప్పు ఫోన్ జాక్‌లోనో వాల్యూమ్ కంట్రోల్‌లోనో ఉంది. గుర్రుమనకపోతే 5వ కాలి తర్వాతి 220 మైక్రోఫారడ్ కండెన్సర్ చూడండి. దాని ప్లస్ ఐసీ వైపే ఉండాలి. స్పీకర్ మీద అనుమానముంటే వైర్లు విప్పి 1.5 వోల్టుల సెల్లు ఒక్క క్షణం తాకించండి, టక్కుమనాలి.

సగం వోల్టేజీ రాకపోతే 6వ కాలికి ప్లస్, 4వ కాలికి మైనస్ నిజంగా అందుతున్నాయో లేదో కొలవండి. వైరు దగ్గర కాదు, ఐసీ కాలి మీదే. మా కుర్రాడి బోర్డులో తేడా దొరికింది అక్కడే.

కదిపితే పాడుతుంది, వదిలితే ఆగుతుంది

ఇది డ్రై సోల్డర్, అంటే లెడ్ (కరిగించి అతికే సోల్డర్) సరిగ్గా పట్టని అతుకు. కోనసీమలో వానాకాలం కట్టే బోర్డులకి ఇదే పెద్ద జబ్బు. కాలువ గాలికి, సముద్రపు తేమకి జీరో పీసీబీ (చిల్లులున్న ఖాళీ బోర్డు) రాగి నెలరోజుల్లోనే నల్లబడుతుంది. ఆ మసి మీద లెడ్ పట్టదు. వాడి బోర్డు వెలుతురులో వంచి చూశాను. 4వ కాలి చుట్టూ లెడ్ తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా కూర్చుంది. పైకి మెరుస్తోంది, కిందమాత్రం అతుక్కోలేదు. సూదితో తోస్తే గిర్రున తిరిగింది.

బాగుచేయడం తేలిక. పాత లెడ్ తీసేసి, రాగిని సన్న ఉప్పుకాగితంతో ఎర్రబడేదాకా రుద్దండి. ఐరన్ మొనని కాలికీ రాగికీ ఒకేసారి ఆనించి రెండు మూడు సెకన్లు వేడెక్కనిచ్చి, అప్పుడు లెడ్ కాలికి అందించండి, ఐరన్‌కి కాదు. చుట్టూ పాకి, కాలి మొదట్లో వాలుగా కూర్చుంటే అతికినట్టు. పైపులకి వాడే యాసిడ్ పేస్ట్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, అది తేమ పీల్చి రాగిని తినేస్తుంది. పని అయ్యాక స్పిరిట్ తడిపిన పాత బ్రష్‌తో తోమండి. మిగిలిన బోర్డుల్ని మూత గట్టిగా పట్టే డబ్బాలో, బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో దాచండి.

ఆ ఒక్క కాలు మళ్లీ అతికాక 5వ కాలి మీద 4.5 వచ్చింది. వాడి మొహం అప్పుడు చూడాలి!

బుయ్యిమని హమ్మింగ్

వాల్యూమ్ కంట్రోల్ లోహపు ఒంటిని వేలితో తాకండి. హమ్ తగ్గితే ఆ ఒంటిని గ్రౌండ్‌కి, అంటే బ్యాటరీ మైనస్ లైన్‌కి కలపండి. జాక్ నుంచి వచ్చేది మామూలు వైరైతే షీల్డ్ వైరు (లోపలి వైరు చుట్టూ రాగి అల్లిక ఉన్నది) వేయండి. ఫోన్ చార్జింగ్‌లో ఉన్నప్పుడే వస్తుంటే తప్పు మీ బోర్డుది కాదు, చార్జర్‌ది.

గ్రౌండ్ వైర్లు వేసిన తీరు వల్ల వచ్చే హమ్ వెతకడం కష్టం. స్పీకర్ కరెంటు, ఇన్‌పుట్ గ్రౌండ్ ఒకే సన్న వైరులో పోతే ఆ వైరు మీద పుట్టే చిన్న వోల్టేజీని కూడా ఐసీ పాట అనుకుని పెంచేస్తుంది. రెండిటినీ విడివిడిగా తెచ్చి ఫిల్టర్ కండెన్సర్ (సప్లై ప్లస్, మైనస్‌ల మధ్య ఉండే పెద్దది) మైనస్ దగ్గర కలపండి.

టప్ టప్ టప్

బ్యాటరీ నీరసించింది. కొత్తది వేసి, 6, 4 కాళ్లకి ఆనుకునేలా 470 మైక్రోఫారడ్ కండెన్సర్ పెట్టండి. 7వ కాలి నుంచి గ్రౌండ్‌కి 10 మైక్రోఫారడ్ పెడితే ఇంకా మంచిది.

పాట బొంగురుగా ఉంది

1, 8 కాళ్ల మధ్య 10 మైక్రోఫారడ్ ఉంటే తీసేయండి. అది ఉంటే గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో) 200, లేకపోతే 20. ఫోన్‌కి 20 చాలు. ఈ ఐసీ ఇచ్చేది అర వాటు దగ్గర, గదిలో వినడానికి సరిపోతుంది. తీర్థంలో మైకుసెట్టులా మోగించాలని చూస్తే బొంగురుపోతుంది.

ఐసీ చెయ్యి పెట్టలేనంత వేడి

పాట లేకపోయినా కాలుతుంటే, 5వ కాలి నుంచి గ్రౌండ్‌కి 10 ఓముల రెసిస్టెన్స్, 0.047 మైక్రోఫారడ్ కండెన్సర్ వరసగా ఉన్నాయో లేదో చూడండి. అవి లేకపోతే మన చెవికి వినపడనంత పై స్థాయిలో ఐసీ తనంతట తనే ఊగుతుంది.

బ్యాటరీ మానేసి 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారా? అప్పుడు ఐసీ నిజంగానే పోతుంది. 12 ఏసీని బ్రిడ్జితో (నాలుగు డయోడ్ల జత) డీసీగా మార్చి కండెన్సర్ పెడితే 15 వోల్టులు దాటుతుంది. మామూలుగా దొరికే ఎల్‌ఎం 386 కి 12 మించకూడదు. అర్ధరాత్రి ఊరంతా పడుకుని కరెంటు వాడకం తగ్గితే లైన్ వోల్టేజీ ఇంకా లేస్తుంది. మధ్యలో 9 వోల్టులు నిలకడగా ఇచ్చే 7809 రెగ్యులేటర్ పెట్టండి. 230 వోల్టులు తగిలే ఏ బోర్డునైనా మొదటిసారి 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టి, పక్కన తెలిసినవాళ్లు ఉండగానే ఆన్ చేయండి. బల్బు పూర్తిగా వెలిగి అలాగే ఉండిపోతే వెంటనే ప్లగ్ తీసేసి షార్ట్ వెతకండి.