పాత ఫోటో పెద్ద ప్రింటుకు పనికిరావడం లేదా? ముందు పిక్సెళ్లు చూడండి

లక్షణం: కంప్యూటర్‌లో చక్కగా కనిపించే పాత ఫోటోను 12×18 అంగుళాల సైజులో వేయిస్తే మొహాలు అలుక్కుపోయినట్టు, అంచులు గళ్లు గళ్లుగా వస్తాయి.

నెల్లూరులో పెళ్లి ఆల్బమ్‌లు చేసే నా దగ్గరికి ఇదే బాధతో ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. హార్డ్ డిస్క్ పాడైందంటారు, ల్యాబ్‌లో సరిగ్గా వేయలేదంటారు. ఫైలు ప్రాపర్టీస్ తెరిచి పిక్సెళ్ల కొలత చూసి వచ్చినవాళ్లు మాత్రం కనిపించరు. అర నిమిషం పని. దయచేసి ముందు అది చూడండి. అంగుళానికి 300 చొప్పున 12×18కి 3600×5400 పిక్సెళ్లు కావాలి. 200 చొప్పున ఉన్నా నెట్టుకురావచ్చు.

పొడవు వైపు 1600 దగ్గర ఉంటే అది చాలావరకు వాట్సాప్‌లో వచ్చిన నకలు. తీసినవారిని అడిగి అసలు ఫైలును డాక్యుమెంట్‌గా తెప్పించుకోండి. పని అయిపోయింది.

కానీ తీసింది 24 మెగాపిక్సెళ్ల కెమెరా, ఫైలు వాట్సాప్ మొహమే చూడలేదు, అయినా కొలత 1616×1080 అని ఉందనుకోండి. అప్పుడు దొంగ ఇంట్లోనే ఉన్నాడు. నన్ను ముంచింది కూడా వాడే.

రా (RAW) ఫైలు అంటే కెమెరా మామూలు ఫోటోగా మార్చకుండా దాచే ముడి ఫైలు. అందులో సెన్సర్ నమోదు చేసిన సమాచారంతో పాటు, కెమెరా వెనక తెర మీద చూపడానికి ఒక జేపెగ్ ప్రివ్యూ దాగి ఉంటుంది. కొన్ని కెమెరాలు దాన్ని పూర్తి సైజులో పెడతాయి. సోనీ పాత మోడళ్లలో చాలావాటిలో అది 1616×1080 మాత్రమే. రా ఫైలును మామూలు ఫోటోగా మార్చే సాఫ్ట్‌వేర్లు, అంటే కన్వర్టర్లు, కొన్ని ఆ ముడి సమాచారం నుంచి ఫోటో తయారుచేసే (డెవలప్ చేసే) శ్రమ తీసుకోవు. ఆ ప్రివ్యూను బయటికి లాగి, జేపెగ్‌గానో, వివరం పోగొట్టకుండా దాచే టిఫ్ ఫార్మాట్‌లోనో రాసి ఇచ్చేస్తాయి. మామూలు మానిటర్ 1920×1080 కాబట్టి బొమ్మ తెరను దాదాపు నింపేస్తుంది. కంటికి ఏ లోటూ తెలియదు.

ఒక ఏడాది రొట్టెల పండుగలో తీసిన ఫోటో ఇప్పటికీ నా కళ్లలో ఉంది. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో ఒక పెద్దావిడ, కొంగు తల మీదికి లాక్కుని, సంతాన రొట్టెను ఒక అమ్మాయి చేతిలో పెడుతోంది. కెమెరాలో జూమ్ చేస్తే తడి వేళ్ల మీద ముడతలు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉంది. ఆ రాత్రి ఆరు వందల రా ఫైళ్లను ఒక ఉచిత కన్వర్టర్‌కు అప్పగించాను. నాలుగు నిమిషాల్లో ముగించింది. ఆ వేగం చూసే అనుమానించాల్సింది. డిస్కులో చోటు లేదని రా ఫైళ్లు తుడిచేశాను. మూడేళ్లకు ఆ అమ్మాయి, చంకలో బిడ్డతో వచ్చి, గోడకు పెట్టుకునేంత పెద్దదిగా వేయమని అడిగింది. వేసి చూస్తే ఆ వేళ్లు మైనపు ముద్దలా ఉన్నాయి. చివరికి 4×6 ప్రింటు చేతిలో పెట్టి పంపాల్సి వచ్చింది.

పరిష్కారం: రా ఫైళ్లు ఇంకా ఉంటే కెమెరా కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్‌లో గాని, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్, రా థెరపీలలో గాని మళ్లీ డెవలప్ చేయండి. తుడిచేసి ఉంటే కెమెరా మెమరీ కార్డును వెంటనే పక్కన పెట్టి రికవరీ ప్రయత్నించండి. కొత్త ఫోటోలు పడిన కార్డు మీద ఆశ తక్కువ. ఏఐతో పెద్దది చేయిస్తే వచ్చే ముడతలు ఆవిడవి కావు, యంత్రం ఊహించి గీసినవి. దాన్ని అసలు ఫోటోగా భద్రపరచవద్దు.

ఇకముందు ఏ కన్వర్టర్ వాడినా మొదట ఐదు ఫైళ్లతో పరీక్షించండి. 24 మెగాపిక్సెళ్ల ఫోటోకు కుదింపు లేని 8 బిట్ టిఫ్ సుమారు 72 ఎంబీ, 16 బిట్ అయితే 144 ఎంబీ ఉండాలి. 5 ఎంబీ వచ్చిందంటే మీ చేతికి దక్కింది ప్రివ్యూ. పరీక్ష నెగ్గినా రా ఫైళ్లను తుడవవద్దు. వాటితో పాటు డీఎన్‌జీ అనే రా ఫార్మాట్‌లో నకలు పెట్టుకోవచ్చు. 2004లో అడోబ్ తెచ్చిన ఈ ఫార్మాట్ వివరాలు బహిరంగంగా ఉన్నాయి, ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్ మీదే ఆధారపడే అవసరం ఉండదు. ఏరిన ఫోటోలకు 16 బిట్ టిఫ్ చేయండి. కెమెరాలోనే జేపెగ్‌గా తీసినవాటిని అలాగే ఉంచండి. టిఫ్‌గా మార్చినంత మాత్రాన పోయిన వివరం తిరిగి రాదు, మార్పులు చేసి జేపెగ్‌గా మళ్లీ మళ్లీ సేవ్ చేస్తే ఉన్నది కూడా పోతుంది.

ఫైలు అసలు తెరుచుకోకపోతే అది ఐఫోన్ ఫోటోలు దాచే హెచ్‌ఈఐసీ ఫార్మాట్ కావచ్చు. 2017 నుంచి వస్తోంది. పేరు చివర జేపీజీ అని మారిస్తే లోపలి ఫైలు మారదు. అసలును ఉంచి, జేపెగ్ నకలు ఎక్స్‌పోర్ట్ చేయండి. రంగులు వెలిసినట్టుంటే అది అడోబ్ ఆర్‌జీబీ అనే రంగుల ప్రొఫైల్ సంగతి కావచ్చు, నకలును మామూలు తెరలకు సరిపోయే ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్‌కి మార్చండి. ఫోటో కింది సగం బూడిద రంగుగా ఉండటం అరుదు. కాపీ పూర్తికాకముందే కార్డు పీకేసి ఉంటారు. కార్డులో ఇంకా ఉంటే మళ్లీ కాపీ చేసుకోండి, లేకపోతే రెండో డిస్కులో వెతకండి.