పొర దాటని కబురు – ఐదో పాఠం: గెడ

పోయినసారి టార్ గ్రాహకం బొమ్మ గీసి పంపమన్నాను. టార్ అంటే ఇ. కోలై బ్యాక్టీరియా పొరలో దిగి ఉండి, ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లాన్ని పసిగట్టే ప్రోటీన్. వచ్చినవాటిలో సగానికి పైగా ఆస్పార్టేట్ అణువు గ్రాహకం మధ్యలోంచి జారి కణంలోకి దిగిపోయింది. ఒకరైతే దారి పొడుగునా బాణాలు కూడా వేశారు. తప్పు నాదేనండి. ధవళేశ్వరం లాకుతో పోల్చాను. లాకంటే పడవ ఇటు చేరి అటు తేలుతుంది కదా, మీరూ అణువుని అలాగే దాటించారు. ఆ పోలిక కొట్టేయండి. ఈసారి చెబుతానన్న మిథైలేషన్ (గ్రాహకానికి మిథైల్ ముక్కలు తగిలించడం) కూడా వెనక్కి జరిగింది.

లంకల్లో పడవకి గెడ వేయడం చూసే ఉంటారు. అడుగున కొన ఇసుక మేటకి తగిలితే పైన చేతికి తెలుస్తుంది. ఇసుక మాత్రం గెడలోంచి పాకి చేతిలోకి రాదు. టార్ పని కూడా ఇంతే.

ఇ. కోలైకి రెండు పొరలు. ఆస్పార్టేట్ బయటి పొరని పోరిన్ల (రంధ్రాల్లా పనిచేసే ప్రోటీన్ల) గుండా దాటుతుంది, నిజమే. లోపలి పొర బయట, టార్ తలకి అతుక్కుని ఆగిపోతుంది. తిండిగా లోపలికి వెళ్లే ఆస్పార్టేట్ కూడా ఉంటుంది, కానీ దాని ద్వారం వేరు, ప్రోటీన్ వేరు. ఈ రెండూ కలిపేసినవాళ్ల బొమ్మలే నన్ను ఎక్కువ విసిగించాయి.

అతుక్కున్నాక ఏమవుతుంది? పొరలో దిగి ఉన్న రెండో సర్పిలం, టీఎం-2, లోపలి వైపు 1 నుంచి 2 ఆంగ్‌స్ట్రామ్‌లు జరుగుతుంది (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు). పొర మందం సుమారు 40. పొరని నాలుగు మీటర్ల గోడ అనుకుంటే గెడ జరిగేది బెత్తెడు పైన, జానెడు లోపు. ఆ కాస్త కదలికనే కింద ఉన్న హాంప్ అనే భాగం అందుకుని, పొడుగాటి కాడ చివర కూర్చున్న కీ-ఏ అనే కైనేజుకి, అంటే ఫాస్ఫేట్ తగిలించే ఎంజైముకి, చేరవేస్తుంది. (CheA అని రాస్తారు. ‘చే’ అని చదవకండి, కెమోటాక్సిస్‌లోని ముక్క అది. కెమోటాక్సిస్ అంటే రసాయనాన్ని బట్టి ఈదే దారి మార్చుకోవడం.)

నమ్మకం కుదరకపోతే 1989 నాటి ప్రయోగం చూడండి. టార్ తలని ఎన్వ్‌జెడ్ అనే మరో గ్రాహకం మొండేనికి అతికించారు. ఎన్వ్‌జెడ్ అసలు పని నీటిలో కరిగి ఉన్నవాటి గాఢత పసిగట్టడం. మన అంతర్వేది వైపు పోటు నీళ్లలాంటి ఉప్పదనంలో ఓఎంపీ-సీ అనే ఇరుకు రంధ్రాల పోరిన్‌ని ఎక్కువగా చేయిస్తుంది. అతికించిన ప్రోటీన్ ఉన్న కణాలకి ఆస్పార్టేట్ ఇస్తే ఓఎంపీ-సీ జన్యువు మేల్కొంది. ఎన్వ్‌జెడ్ మొండేనికి ఆస్పార్టేట్‌తో చుట్టరికమే లేదు. దానికి అందింది కదలిక ఒక్కటే.

రెండో పొరపాటు చిన్నది. ఆస్పార్టేట్ తగిలితే కైనేజు ‘వెలుగుతుంది’ అని రాశారు. టార్‌లో ఆరిపోతుంది. కీ-ఏ ఆరితే కశాభానికి కబురు మోసే కీ-వై అనే ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ అందదు, కశాభం (ఈదే తోక) తిరిగే దిశ మార్చదు, కణం పల్టీ కొట్టకుండా నేరుగా ఈదుతుంది. మేత దొరికే వైపు పోతున్నప్పుడు పల్టీలెందుకు? రాత్రి రొయ్యల చెరువుని మెరిపించే విబ్రియో హార్వేయి బ్యాక్టీరియాలోనూ ఇదే వరస: కబురు అణువు తగిలితే లక్స్-ఎన్ అనే గ్రాహకం కైనేజు పని మాని ఫాస్ఫేట్ ఊడదీసే పనిలో పడుతుంది. అక్కడ మెరుపు వచ్చేది ఆ తర్వాతే. నేనైతే ప్రతి గ్రాహకం పక్కనా పెన్సిల్‌తో ముందు ప్లస్సో (కైనేజు వెలిగితే) మైనస్సో (ఆరితే) రాసుకుంటాను. బొమ్మ తర్వాత.

హాంప్ లోపల సర్పిలాలు పళ్లచక్రాల్లా తిరుగుతాయన్న ప్రతిపాదన 2006లో వచ్చింది. దాని సంగతి విడిగా.

అభ్యాసం ఒక్కటే, తేలికది కాదు. టీఎం-2 లోపలి కొసన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఒకటి ఉంటుంది. పొర అంచు దాటి అటూ ఇటూ పోవడానికి ఇష్టపడదు, లంగరులా పట్టుకుంటుంది. దాన్ని ఉన్న చోటు నుంచి తీసి, వరసలో ఒక అమైనో ఆమ్లం ముందుకి, అంటే కణం లోపలి వైపుకి, మార్చి పెట్టాం. లంగరు అంచునే ఉంటానంటే గెడ ఎటు జరగాలి? ఆస్పార్టేట్ లేకుండానే ఆ కణం ఎక్కువ పల్టీలు కొడుతుందా, తక్కువా? బొమ్మ అక్కర్లేదు, నాలుగు వాక్యాలు రాయండి. మొదటి వాక్యంలో ప్లస్సో మైనస్సో ఉండాలి.