అనంతపురం ఎండలో కుక్కకు పెరటి కంచె

కుక్కలు కంచె దూకడమే కాదు, కింద తవ్వి కూడా పోతాయి. ఎండాకాలం చల్లటి మన్ను కోసం కంచె మొదట్లోనే గీరుతాయి. ఆ గుంతే పెద్దదై దారవుతుంది. అందుకే కంచె జాలీని నేల మట్టానికే ఆపొద్దు. ఇంకో అడుగున్నర ఉంచుకుని, అర అడుగు లోతుకు దించి, మిగతా అడుగు లోపలివైపుకు మడిచి పరవండి. పైన రాళ్లు పేర్చి మన్ను కప్పండి.

లాబ్రడార్‌కు 5 అడుగుల ఎత్తు చాలు. నాటు కుక్కకు 6 పెట్టండి, కాలు ఆనితే ఎగబాకుతుంది. 10 గేజీ (తీగ మందం) జీఐ (జింకు పూత ఇనుము) చైన్‌లింక్ జాలీ, 2 అంగుళాల కన్నుది తీసుకోండి. కూనలుంటే కింది 2 అడుగులకు సన్న జాలీ కట్టాలి, లేకుంటే తల ఇరికించుకుంటాయి. 8 అడుగులకొక రాతి కూసం (స్తంభం), 2 అడుగుల లోతున కాంక్రీటుతో పాతండి. నల్లరేగడైతే ఇంకో అర అడుగు దించండి. ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బి ఆ నేల కూసాలను వంచేస్తుంది.

రేకులు వద్దు. మే నెలలో చెయ్యి పెట్టలేనంతగా కాలి, పెరట్లోకి సెగ కొడతాయి, గాలీ ఆడదు. ముళ్లకంచె అసలే వద్దు, దూకబోయిన కుక్క పొట్ట చీరుకుంటుంది.

గేటు కింద సందు 2 అంగుళాలు మించకూడదు. గట్టి వాన పడితే అక్కడి ఎర్రమన్ను కొట్టుకుపోతుంది గనక గేటు కింద అడ్డంగా ఒక కడప బండ పాతండి.