కాంటా లెక్క తప్పింది: అందరూ తాకే అర్రేకు తాళం ఎలా వేయాలి

నల్గొండలో ఒక బత్తాయి వ్యాపారికి సీ భాషలో ప్రోగ్రాం రాసిచ్చాను. నాలుగు కాంటాలు, కాంటాకో థ్రెడ్ (ప్రోగ్రాంలో మిగతావాటితో పాటే నడిచే పని). లెక్కంతా ఒకే అర్రేలో, అంటే వరస గడుల్లో. రైతు నంబరే ఇండెక్స్ (గడి నంబరు), ఆ గడిలో కిలోలు కూడుతూ పోవాలి. ఒక్క కాంటాతో చూసినప్పుడు కిలో తేడా కూడా రాలేదు. సీజన్ రాగానే ఫోన్లు మొదలయ్యాయి.

సమస్య: సాయంత్రానికి మొత్తం తక్కువ వస్తోంది. అదీ రోజూ కాదు.

కారణం: ఒకే రైతు కాయ రెండు కాంటాల మీద తూగుతోంది. కూడిక మనకు ఒక్క లైనే, ప్రాసెసర్‌కు మూడు పనులు: చదవడం, కూడడం, తిరిగి రాయడం. రెండు థ్రెడ్లూ 500 చదివాయనుకోండి. ఒకటి 40 కలిపి 540 రాసింది, వెంటనే రెండోది 25 కలిపి 525 రాసింది. ఆ 40 కిలోలు గాలికి పోయాయి.

పరిష్కారం: చదవక ముందే మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి వదిలే తాళం) లాక్ చేయాలి, రాశాకే విప్పాలి. నేను మొదట రాసే లైనుకు మాత్రమే లాక్ వేశాను, లాభం లేకపోయింది. వోలటైల్ (విలువను ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని కంపైలర్‌కు చెప్పే మాట) అని పెడితే చాలని ఎవరైనా అంటే నమ్మకండి, అది తాళం కాదు.

సమస్య: లాక్ పెట్టాక కూడా అప్పుడప్పుడు సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తాకకూడని మెమరీని తాకి ప్రోగ్రాం పడిపోవడం).

నన్ను బాగా సతాయించింది ఇదే. కొత్త రైతులు వస్తే రీఅలాక్ (మెమరీ సైజు మార్చే ఫంక్షన్)తో అర్రే పెంచుతున్నాను. రీఅలాక్ ఒక్కోసారి అర్రేను వేరే చోటికి మారుస్తుంది. బోర్డు మీద లెక్క చూపించే థ్రెడ్ మాత్రం, చదవడమే కదా అని, లాక్ లేకుండా పాత పాయింటర్‌నే (అర్రే పాత అడ్రసునే) పట్టుకుని ఉంది. అర్రే అడ్రసు, సైజు, గడులు మూడూ ఒకే తాళం కిందికి తెచ్చాక ఆగింది. చదివేవాళ్లకూ అదే తాళం. పాయింటర్ దాచుకోవద్దు, లాక్ దొరికిన ప్రతిసారీ కొత్తగా తీసుకోండి. ఇండెక్స్ సైజు దాటిందా అన్న చెకింగ్ కూడా లాక్ లోపలే.

గడికో మ్యూటెక్స్ పెట్టి అర్రేలోనే ఉంచుదామనిపిస్తుంది. రీఅలాక్ జరిగితే తాళమే కదిలిపోతుంది, ఇక అది పనిచేస్తుందన్న భరోసా లేదు. నాలుగు కాంటాలకు ఒక్క తాళం చాలు.

సమస్య: ఎర్రర్ ఏమీ రాదు, కాంటాలన్నీ ఆగిపోతాయి.

తూకం సున్నా వస్తే ఫంక్షన్ మధ్యలోనే రిటర్న్ చేశాను, తాళం విప్పలేదు. బయటికి ఒకే దారి పెట్టి, అక్కడే విప్పండి.

ఇంకా తేడా వస్తుంటే జీసీసీలో (సీ కంపైలర్) థ్రెడ్ శానిటైజర్ అనే చెకింగ్ పెట్టి కంపైల్ చేయండి. ఏ రెండు లైన్లు కొట్టుకుంటున్నాయో చూపిస్తుంది. ప్రోగ్రాం బాగా నెమ్మదిస్తుంది కాబట్టి లారీలు వచ్చే రోజు మాత్రం వద్దు.