అప్పు మాఫీ వార్తని లెక్కగట్టి చదవడం: మూడో పాఠం

కిందటి పాఠంలో సాయం సంగతి చూశాం. 1970లో ఐక్యరాజ్య సమితి పెట్టిన 0.7 శాతం లక్ష్యాన్ని, ఇచ్చే దేశపు జాతీయాదాయంతో పోల్చి లెక్కలు చేశారు కదా, ఆ నోటుబుక్కే తీయండి. ఈసారి అప్పు. ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందు మా గల్లీ నుంచి మొదలుపెడతాను. చిక్కడపల్లిలో మా ఇంటి ముందుకి ఆకుకూరల బండి తెచ్చే అక్క డైలీ ఫైనాన్స్ తీసుకుంది. కాగితం మీద పది వేలు, వెయ్యి ముందే కోసుకుని చేతిలో పెట్టింది తొమ్మిది వేలు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. ఆమె దగ్గర అట్ట ఊడిపోయిన చిన్న పుస్తకం ఉంటుంది, సాయంత్రం బైకు మీద వచ్చే అబ్బాయి డబ్బు లెక్కపెట్టుకుని అందులో టిక్కు పెట్టి వెళ్తాడు. జూలైలో నాలుగు రోజులు ముసురు పట్టి బండి బయటికే రాలేదు, అయినా ఆ నాలుగు రోజులకీ వంద వందే. "అప్పు పెద్దదేం కాదు తమ్మీ, గిరాకీ లేనప్పుడే అది కొండ లెక్క కనపడ్తది" అంది.

దేశం అప్పునీ ఇలాగే గిరాకీతో పోల్చి చూడాలి. దేశానికి గిరాకీ అంటే ఎగుమతులు, ఎందుకంటే బయటి అప్పు ఎక్కువగా డాలర్లలో కట్టాలి, పేద దేశం డాలర్లు అచ్చు వేసుకోలేదు, ఏదో ఒకటి అమ్మితేనే వస్తాయి.

1996లో ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) కలిసి బాగా అప్పుల్లో కూరుకుపోయిన పేద దేశాల కోసం హెచ్‌ఐపీసీ అనే మాఫీ పథకం పెట్టాయి, 1999లో షరతులు కొంత సడలించాయి. అప్పటి నుంచి వాళ్లు ముఖ్యంగా వాడిన కొలత ఇది: అప్పు ఇవాళ్టి విలువ, ఏడాది ఎగుమతుల్లో 150 శాతం దాటితే ఆ దేశం మోయలేనట్టే. ఇవాళ్టి విలువ అనగానే టెన్షన్ పడకండి. వచ్చే నెల కట్టాల్సిన వందా, ముప్పై ఏళ్ల తర్వాత కట్టాల్సిన వందా ఒకే బరువు కాదు కాబట్టి రెండోదాన్ని తగ్గించి రాస్తారు, అంతే.

ఇప్పుడు చేయండి. ఇవి పాఠం కోసం నేను వేసిన అంకెలు, ఏ దేశానివీ కావు. అప్పు 800 కోట్ల డాలర్లు, ఎగుమతులు 400 కోట్లు. భాగించి వందతో గుణిస్తే 200 శాతం. 150కి దించాలంటే అప్పు 600 కోట్లు కావాలి, అంటే 200 కోట్లు మాఫీ చేయాలి. పేపర్లో పెద్ద అక్షరాలతో వస్తుంది, చదివిన వాళ్లం సంతోషిస్తాం. మరుసటి ఏడు ఆ దేశం అమ్మే సరుకు ధర పడి ఎగుమతులు 300కి దిగాయనుకోండి. 600ని 300తో భాగించండి. మళ్లీ 200 శాతం, ఒక్క డాలరు కొత్త అప్పు చేయకుండానే!

ఇక్కడ ఆగి, అంకెలు మార్చి మార్చి నాలుగైదు సార్లు చేయండి. ఇది చేతికి వచ్చేదాకా ముందుకి పోవద్దు.

నిజం దేశం మీద చూద్దాం. ఆఫ్రికాలోని జాంబియా ఎగుమతి ఆదాయంలో సుమారు 70 శాతం రాగిదే. 1970ల మధ్యలో రాగి ధర కూలింది, లోటు పూడ్చడానికి అప్పులు పెరిగాయి. 2005లో ఈ పథకం కింద మాఫీ అయింది, గ్లెనీగిల్స్‌లో జీ8 అనే పెద్ద దేశాల కూటమి ఒప్పుకున్న అదనపు మాఫీ కూడా కలిసి సుమారు 700 కోట్ల డాలర్ల అప్పు 50 కోట్ల దగ్గరికి దిగింది. 2006 ఏప్రిల్లో పల్లెల్లోని సర్కారు దవాఖానాల్లో ఫీజు ఎత్తేశారు. మాఫీతో ఎవరికి ఏం ఒరిగింది అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఈ ఫీజు గురించే, జ్వరమొచ్చిన బిడ్డని ఎత్తుకొచ్చిన తల్లి చీటీ డబ్బుల కోసం వెనక్కి తిరిగి పోనక్కర్లేదు. కానీ రాగి మీద ఆధారపడటం మారలేదు. 2012, 2014, 2015లో బాండ్లు, అంటే అప్పు పత్రాలు అమ్మి 300 కోట్ల డాలర్లు తెచ్చుకున్నారు, 2020 నవంబరులో 4.25 కోట్ల డాలర్ల వడ్డీ కట్టలేక చేతులెత్తేశారు.

ఇంకొకటి కూడా అడగాలి, ఆ అప్పు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? 1979లో వ్యవసాయ యంత్రాల కోసం రుమేనియా జాంబియాకి అప్పిచ్చింది. 1999లో డొనెగల్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ ఆ అప్పు పత్రాన్ని సుమారు 33 లక్షల డాలర్లకి కొనేసి, 5.5 కోట్లు ఇవ్వాలని కేసు వేసింది. 2007లో లండన్ హైకోర్టు సుమారు 1.55 కోట్లు ఇప్పించింది. 155ని 33తో భాగించి చూడండి, నాకైతే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఇలాంటి వసూళ్లకి కళ్లెం వేస్తూ బ్రిటన్ 2010లో చట్టం చేసింది.

వచ్చే వారానికి పని. ఏదో ఒక దేశం అప్పు వార్త తీసుకుని అప్పెంత, ఎగుమతులెంత, ఎగుమతుల్లో పెద్ద సరుకేది, అప్పు ఎవరికి కట్టాలి అని రాయండి, తర్వాత ఆ సరుకు ధర పావు వంతు తగ్గించి శాతం మళ్లీ కట్టండి. 2003లో బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలీ దేశాలు అమెరికా పత్తి సబ్సిడీల మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో గొంతెత్తాయి, నాలుగో పాఠం అదే. అందుకని వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి క్వింటాలు ఎంత పలుకుతోందో కూడా రాసిపెట్టుకోండి.