స్క్రబ్ టైఫస్: అనుమానించడం, ఒళ్లంతా వెతకడం, ఆలస్యం లేకుండా మందు మొదలుపెట్టడం

ఐదు రోజులు దాటిన జ్వరంతో వచ్చిన రోగికి మలేరియా, డెంగ్యూ లేవని తేలాక చీటీ మీద వైరల్ జ్వరం అని రాసే ముందు స్క్రబ్ టైఫస్ గురించి ఒకసారి ఆలోచించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ ఏరియా ఆసుపత్రుల్లోనూ జ్వరాల ఓపీ చూసే యువ వైద్యులను ఉద్దేశించి ఇది రాస్తున్నాను. ఈ జబ్బును గుర్తిస్తే చవకగా దొరికే మాత్రలతో నయమవుతుంది. గుర్తించకపోతే ఊపిరితిత్తులను, మూత్రపిండాలను, మెదడును దెబ్బతీసి ప్రాణం తీస్తుంది.

ఓరియెన్షియా సుత్సుగముషి అనే బాక్టీరియా దీనికి కారణం. పొదల్లో, గట్ల మీది గడ్డిలో, ఎలుకలు తిరిగే చోట ఉండే చిగ్గర్ అనే అతి చిన్న పురుగు పిల్ల కుట్టినప్పుడు అది మనిషికి సోకుతుంది, ఒకరి నుంచి మరొకరికి అంటదు. కుట్టిన 6 నుంచి 21 రోజుల్లో జ్వరం, తీవ్రమైన తలనొప్పి, ఒళ్లునొప్పులు మొదలవుతాయి, కొందరికి దగ్గు, వాంతులు కూడా ఉంటాయి. వానలు పడ్డాక, చలి మొదలయ్యే నెలల్లో కేసులు పెరుగుతాయి. పొలం పని, గడ్డి కోత, పశువులను మేపడం, ఇంటి వెనక పొదలు కొట్టడం వంటివి గత మూడు వారాల్లో చేశారా అని అడగాలి, అయితే లేదన్నంత మాత్రాన అనుమానాన్ని వదిలేయకూడదు.

రోగనిర్ధారణలో అన్నిటికన్నా విలువైనది, పైసా ఖర్చు లేనిది చర్మ పరీక్ష. పురుగు కుట్టిన చోట చిన్న పొక్కు లేచి, పుండై, చుట్టూ ఎర్రటి అంచుతో నల్లని పక్కు కడుతుంది. చూడటానికి బీడీ నిప్పు అంటుకుని కాలిన మచ్చలా ఉండే దీన్ని ఎస్కార్ అంటారు. అది నొప్పి పెట్టదు, సాధారణంగా దురద కూడా ఉండదు, కాబట్టి ఒంటి మీద పుండు ఉందా అని అడిగితే రోగి నిజాయితీగానే లేదంటాడు. మీరే వెతకాలి. చంకలు, గజ్జలు, రొమ్ముల కింది మడత, వృషణాల సంచి, మోకాళ్ల వెనక, చెవుల వెనక, పిల్లల్లో తలవెంట్రుకల మధ్య చూడండి. మొలతాడు ఉండే చోట, లంగా బొందు బిగించే చోట ఆగి, తాడును పక్కకు జరిపి మరీ చూడండి, ఎందుకంటే బట్ట బిగిసిన దగ్గర పురుగు ఆగిపోతుంది. చెమటతో తడిగా ఉండే మడతల్లో నల్లని పక్కు కట్టకుండా, పైపొర ఊడిన లేత పుండులా మాత్రమే కనిపించవచ్చు. గజ్జల్లోనో చంకలోనో నొప్పితో బిళ్ళ కట్టి ఉంటే ఆ వైపు కాలినో చేతినో మళ్లీ వెతకండి. స్త్రీలను పరీక్షించేటప్పుడు తెర, మంచి వెలుతురు, తోడుగా నర్సు ఉండాలి, ఓపీలో రద్దీ ఉందని ఈ పరీక్షను వదిలేయడం నా దృష్టిలో క్షమించరాని విషయం. ఎస్కార్ కనిపిస్తే అనుమానం చాలా బలపడుతుంది, కనిపించకపోయినా జబ్బు లేదని చెప్పలేము.

రక్తపరీక్షల్లో ప్లేట్‌లెట్లు తగ్గడం, కాలేయం దెబ్బతిన్నట్టు చూపే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరగడం తరచుగా చూస్తాం. ప్లేట్‌లెట్లు తగ్గాయి కనుక డెంగ్యూయే అనుకోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. తెల్లకణాలు తగ్గకుండా మామూలుగా ఉండటమో, పెరగడమో గమనిస్తే మరింత జాగ్రత్త పడాలి. నిర్ధారణకు ఐజీఎం ఎలైసా (రక్తంలో ఈ బాక్టీరియాకు ఎదురుగా తయారైన యాంటీబాడీలను చూసే పరీక్ష) పంపాలి, కానీ మొదటి వారంలో అది నెగెటివ్‌గా రావచ్చు. అప్పుడు రక్తం మీదా, పక్కు దొరికితే దాని మీదా బాక్టీరియా జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ ఉపయోగపడుతుంది. వీల్ ఫెలిక్స్ అనే పాత యాంటీబాడీ పరీక్ష చాలా కేసులను పట్టుకోలేదు, దాని నెగెటివ్‌ను నమ్మి మందు ఆపకూడదు. మలేరియా స్మియర్, డెంగ్యూ ఎన్‌ఎస్1, బ్లడ్ కల్చర్, క్రియాటినిన్, ఛాతీ ఎక్స్‌రే అవసరాన్ని బట్టి చేయించాలి.

బలంగా అనుమానిస్తే రిపోర్టు కోసం ఎదురుచూడకుండా అదే రోజు మందు మొదలుపెట్టాలి. పెద్దలకు డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, కనీసం 7 రోజులు ఇవ్వాలి. అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, అరగంట పాటు పడుకోకూడదని, ఐరన్, కాల్షియం, యాంటాసిడ్ మాత్రలతో కలిపి వేసుకోకూడదని చెప్పాలి. గర్భిణులకు అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. రోజుకు ఒకసారి, 5 రోజులు ఇస్తారు. పిల్లలకు బరువును బట్టి మోతాదు లెక్కకట్టాలి. జ్వరాలకు తరచుగా వాడే సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఎన్ని రోజులు ఎక్కించినా ఈ బాక్టీరియా మీద పనిచేయదు, అది కణాల లోపల బతుకుతుంది, దానికి ఆ మందు తగిలే కణకవచమూ సరిగా లేదు. సెఫ్‌ట్రయాక్సోన్ మీద ఉండి జ్వరం తగ్గని రోగి మీ వార్డులో ఉంటే ఇప్పుడే వెళ్లి అతని చంకలు చూడండి.

ఆయాసం, ఆక్సిజన్ తగ్గడం, సిస్టాలిక్ బీపీ 90 కన్నా తగ్గడం, మత్తు, ఫిట్స్, కామెర్లు, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా మొదటి మోతాదు ఇచ్చి, ఆక్సిజన్ పెట్టి, ఐసీయూ ఉన్న ఆసుపత్రికి పంపాలి. రక్తనాళాల నుంచి ద్రవం కారే జబ్బు ఇది. సెలైన్ అతిగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది కనుక కొద్దికొద్దిగా ఇస్తూ ఛాతీ వింటూ ఉండాలి. తీవ్రమైన కేసుల్లో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ నరం ద్వారా కలిపి ఇవ్వడం మేలని మన దేశంలోని ఆసుపత్రుల్లో జరిగి 2023లో వెలువడిన ఇంట్రెస్ట్ అధ్యయనం చూపింది. మరణం, తగ్గని జ్వరం, తగ్గని సమస్యలు కలిపి లెక్కిస్తే రెండు మందులు ఇచ్చిన వారిలో 33 శాతం, ఒక్క డాక్సీసైక్లిన్‌తో 47, ఒక్క అజిత్రోమైసిన్‌తో 48 శాతం కనిపించాయి. అయితే 28వ రోజుకు మరణాల్లో మాత్రం స్పష్టమైన తేడా లేదు.

మందు పడితే చాలామందికి రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. దిగకపోతే మాత్ర వాంతిలో పోతోందా అన్నది ముందు కనుక్కుని, తర్వాత లెప్టోస్పైరోసిస్, టైఫాయిడ్, క్షయ వంటి ఇతర కారణాలను మళ్లీ మొదటి నుంచి పరిశీలించాలి. ఇంటికి పంపేటప్పుడు జ్వరం దిగినా కోర్సు పూర్తి చేయాలని, ఆయాసం వస్తే ఆ క్షణమే రావాలని, అదే పొలంలో పనిచేసిన వారెవరికైనా జ్వరం వస్తే వెంట తీసుకురావాలని రోగికీ, తోడు వచ్చిన వారికీ విడమరిచి చెప్పాలి.